సంతకం లేని గీత: కార్ల్ బార్క్స్ బొమ్మల కథలను పునర్ముద్రణల్లో ఎలా చూడాలి

1990ల్లో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఆదివారం దూరదర్శన్‌లో నాణేల గుట్టలోకి తలకిందులుగా దూకి ఈతకొట్టే ముసలి బాతు గుర్తుండే ఉంటుంది. పేరు అంకుల్ స్క్రూజ్. ఆ కార్యక్రమం డక్‌టేల్స్, అమెరికాలో 1987లో మొదలైంది. మనకు హిందీలో వచ్చేది. హిందీ అంతంత మాత్రంగా వచ్చిన విశాఖ పిల్లలు కూడా కళ్లప్పగించి చూసేవాళ్లు. ఎందుకంటే కథంతా బొమ్మలోనే ఉండేది. ఆ ముసలి పిసినారి, అతనుండే డక్‌బర్గ్ నగరం, అతని డబ్బు మీద కన్నేసిన బీగిల్ బాయ్స్ దొంగల ముఠా, పిచ్చి యంత్రాలు కనిపెట్టే గైరో, మంత్రగత్తె మాజికా, వీళ్లందరినీ అంతకు ముందే ఒక మనిషి కాగితం మీద సృష్టించి పెట్టారు. ఆయన పేరు కార్ల్ బార్క్స్. 1942 నుంచి 1966 దాకా దాదాపు 500 కథలు, 6,000కు పైగా పేజీలు గీశారు. చాలా మటుకు కథ ఆయనదే, బొమ్మా ఆయనదే. ఆ పుస్తకాలు దుకాణాల్లో అమ్ముడైన కాలంలో మాత్రం ఆయన పేరు వాటి మీద ఉండేది కాదు.

ఇప్పుడు అవే కథలు గట్టి అట్టల సంపుటాలుగా వస్తున్నాయి. ఫాంటాగ్రాఫిక్స్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ 2011లో ఈ వరస మొదలుపెట్టింది. అట్ట మీద బార్క్స్ పేరు స్పష్టంగా ఉంటుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుసుకునే మా పుస్తకాల మిత్రుల్లో ఈ సంపుటాలు చేతులు మారడం మొదలయ్యాక ఒకరు అడిగారు: "పేరు వేశారు కదా, అన్యాయం సరిదిద్దినట్టే కదా, ఇంకా చర్చ ఎందుకు?" చర్చ అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. ఒక బొమ్మల కథ పేజీలో కథ, గీత, అక్షరాలు, రంగు, కాగితం అన్నీ కలిసిపోయి ఉంటాయి. అట్ట మీద ఒక్క పేరు కనిపించగానే పేజీ మొత్తాన్ని ఆ ఒక్కరి ఖాతాలో వేసేస్తాం. అందులో ఆయన చేతి నుంచి వచ్చింది ఏది, ఇతరుల చేతుల నుంచి వచ్చింది ఏది, అరవై డెబ్బై ఏళ్ల తర్వాత పునర్ముద్రణలో కొత్తగా చేరింది ఏది? ఇవి విడదీసుకుని చూస్తేనే ఆయన గొప్పతనం ఎక్కడుందో తెలుస్తుంది.

ముందు, పేరు ఎందుకు లేకుండా పోయిందో చూద్దాం. బార్క్స్ 1901లో ఆరెగాన్ రాష్ట్రంలోని మెరిల్ అనే ఊరి దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. పొలం పని నుంచి రైల్వే షెడ్డు పని దాకా రకరకాల పనులు చేసి, 1935లో డిస్నీ స్టూడియోలో చేరారు. మొదట కదిలే బొమ్మల మధ్య వచ్చే గీతలు గీసే పని, తర్వాత కథా విభాగం. 1942లో ఆ ఉద్యోగం మానేసి కాలిఫోర్నియాలోని శాన్ జసింటోకు వెళ్లారు. కోళ్ల ఫారం పెట్టుకోవాలని ఆలోచన. జరుగుబాటు కోసం వెస్టర్న్ పబ్లిషింగ్ అనే సంస్థకు డొనాల్డ్ డక్ కథలు గీయడం మొదలుపెట్టారు. ఆ సంస్థ డిస్నీ నుంచి హక్కులు తీసుకుని కామిక్స్ తయారు చేసేది, అవి డెల్ అనే పేరుతో బజారుకు వచ్చేవి. అంటే బార్క్స్‌కు డిస్నీతో నేరుగా సంబంధం కూడా తెగిపోయింది. ఇంట్లో కూర్చుని గీసి పంపడం, పేజీకి ఇంత అని డబ్బు తీసుకోవడం, అంతే.

పుస్తకం మీద ఉండే పేరు ఒక్కటే, వాల్ట్ డిస్నీ. పిల్లలకు ఆ పేరు తెలుసు, ఆ పేరు చూసే కొంటారు. మధ్యలో ఇంకో పేరు కనిపిస్తే వ్యాపారానికి లాభం లేదు. పైగా పేరు తెలిసిన చిత్రకారుడు రేపు ఎక్కువ డబ్బు అడుగుతాడు, పక్క సంస్థ వచ్చి ఎగరేసుకుపోతుంది. ఈ పద్ధతి బార్క్స్ ఒక్కరికే పరిమితం కాదు. మిక్కీ మౌస్ దినపత్రిక వరసను 1930 నుంచి 1975 దాకా గీసిన ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్సన్‌దీ ఇదే కథ. బ్యాట్‌మ్యాన్‌ను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్‌కు సహ సృష్టికర్తగా పేరు 2015లో గానీ దక్కలేదు. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. సొమ్ము కట్టినవాడే కర్త అనే సూత్రం మీద ఆ పరిశ్రమ నడిచింది. అమెరికా చట్టమూ దానికి అడ్డు చెప్పలేదు.

పేరు లేకపోయినా గీత దాగలేదు. బార్క్స్ కథలు వచ్చే 'వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్' పత్రిక 1950ల మొదట్లో నెలకు 30 లక్షల ప్రతులకు పైగా అమ్ముడయ్యేది. డొనాల్డ్‌ను గీసేవాళ్లు చాలామంది ఉండేవారు. అందులో ఒకరి కథలు మాత్రం వేరుగా ఉన్నాయని పిల్లలు పసిగట్టారు. పేరు తెలియదు కాబట్టి ఆయన్ను 'బాతులు బాగా గీసే ఆయన' అని చెప్పుకునేవారు. ఆ పత్రిక రాగానే ముందు ఆయన కథ ఉందో లేదో చూసుకునేవారట. విమర్శకుడికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. ఎవరూ నేర్పకుండానే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక చేతిని ఇంకో చేతి నుంచి వేరు చేసి గుర్తుపట్టాడు.

1960లో జాన్ స్పైసర్, బిల్ స్పైసర్ అనే సోదరులు పట్టు వదలకుండా ఆరా తీసి, చిరునామా సంపాదించి ఆయనకు ఉత్తరం రాశారు. ఆయనకు దాదాపు అరవై ఏళ్లు. అభిమాని ఉత్తరం అందుకోవడం అదే మొదటిసారి. ఎవరో తెలిసినవాళ్లు ఆట పట్టిస్తున్నారని అనుకున్నారు. తన పుస్తకాలు నెలకు లక్షల ఇళ్లలోకి వెళ్తున్నా, వాటిని ఎవరైనా ఇష్టపడి చదువుతున్నారన్న మాట ఆ గీసిన మనిషి చెవిన అప్పటిదాకా పడలేదు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. పేరు వేయకపోవడంలో పోయేది కీర్తి ఒక్కటే అనుకుంటాం. చదివేవాడికీ గీసేవాడికీ మధ్య దారి కూడా మూసుకుపోతుంది.

ఆ తర్వాత అభిమానులు, పరిశోధకులు కలిసి ఆయన పనిని జాబితా చేశారు. ఇక్కడ ఒక అదృష్టం కలిసొచ్చింది. ఏ కథ ఏ తేదీన పంపారో బార్క్స్ సొంతంగా లెక్క రాసి పెట్టుకునేవారు. పాత కామిక్స్‌లో ఎందరికో ఆ భాగ్యం లేదు. గీత పోలికను బట్టి ఊహించడమే మిగులుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే కామిక్స్ సూచికల్లో అలాంటి పేర్ల పక్కన ఈనాటికీ ప్రశ్నార్థకం గుర్తు పెడతారు. ఆ గుర్తు నాకు చాలా నచ్చుతుంది. తెలిసినంతే చెప్పే నిజాయితీ అందులో ఉంది.

జాబితా తేలినా చిక్కు పూర్తిగా విడిపోలేదు. ఆయన గీసిన మొదటి పెద్ద డొనాల్డ్ కథ 1942లో వచ్చిన 'డొనాల్డ్ డక్ ఫైండ్స్ పైరేట్ గోల్డ్'. దాని కథ ఇంకొకరిది. పేజీలను జాక్ హన్నా, బార్క్స్ చెరి సగం పంచుకుని గీశారు. అలాగే 1966లో ఉద్యోగ విరమణ చేశాక కొన్నేళ్లు ఆయన కథలు మాత్రం రాసి, కచ్చా బొమ్మలు వేసి ఇచ్చేవారు. తుది గీత వేరేవాళ్లది. అవి చదివితే మాటల్లో బార్క్స్ వినిపిస్తారు, ముఖాల్లో కనిపించరు. వాటిలో కొన్నింటిని డాన్ యిప్పెస్ అనే డచ్ చిత్రకారుడు ఆయన కచ్చా బొమ్మలను దగ్గర పెట్టుకుని మళ్లీ గీశారు. పాత ముద్రణ, కొత్త గీత పక్కపక్కన పెడితే ఒకే కథ రెండు ప్రాణులుగా కనిపిస్తుంది. 'బార్క్స్ కథ' అన్న మాట ఈ మూడు సందర్భాల్లో మూడు అర్థాలిస్తుంది.

నాలుగోది ఇంకా సూక్ష్మమైనది. మా బృందంలో గాజువాకలో సైన్‌బోర్డులు రాసే మిత్రుడొకరు ఉన్నారు. ఇంగ్లిష్ పెద్దగా చదవరు. ఒక సాయంత్రం ఆయన ముందు ఒక పేజీ పెట్టి ఏం కనిపిస్తోందని అడిగాను. చాలాసేపు చూశారు. "మాస్టారూ, ఇది పాళీ పని. కుంచె కాదు. ముక్కు కింద చూడండి, గీత సన్నగా మొదలై మెడ దగ్గర లావైంది. చెయ్యి నొక్కిన చోటు తెలిసిపోతోంది," అన్నారు. తర్వాత మాటల బుడగల మీద వేలు పెట్టి, "ఈ అక్షరాలు రాసిన చెయ్యి మాత్రం వేరే. బొమ్మ గీసినాయనకు తొందరెక్కువ, దీనికి నిదానం ఎక్కువ," అన్నారు.

బార్క్స్ నిజంగానే పాళీతో ఇంకు పెట్టేవారు. 1954లో ఆయనను పెళ్లి చేసుకున్న ఆవిడ పేరు గారే. ఆమె స్వయంగా చిత్రకారిణి, ప్రకృతి దృశ్యాలు చిత్రించేవారు. పెళ్లయ్యాక అక్షరాలు రాయడం, నల్లగా నింపాల్సిన భాగాలు నింపడం, వెనక దృశ్యాల్లో సాయపడడం ఆమె చేశారు. నా చేతిలో ఉన్న పేజీ ఆ కాలందే. చదువుకున్న విమర్శకులు పుస్తకాల్లో చెప్పిన విషయాన్ని మా మిత్రుడు ఒక్క చూపులో చెప్పేశారు. పేరు లేని చిత్రకారుడికి పేరు దక్కిన తర్వాత కూడా ఆయన పక్కనే కూర్చుని పనిచేసిన మనిషి పేరు అట్ట మీదకు రాలేదు. వెనక దృశ్యంలో ఆ కొండ ఎవరిది, ఆ చెట్టు ఎవరిది అని ఇప్పుడు గీత గీసి విడదీయడం కష్టం. కానీ అక్షరాలు కళ్ల ముందే ఉన్నాయి.

ఇక పునర్ముద్రణ సంగతి. కొత్త పుస్తకంలో మనం చూసేది బార్క్స్ కాగితం మీద గీసిన బొమ్మ యథాతథంగా అనుకుంటే పొరపాటు. ఆయన గీసిన అసలు పేజీల్లో చాలా వాటిని ప్రచురణ సంస్థ అచ్చు పని అయిపోయాక నాశనం చేసింది. అప్పట్లో అవి ఎవరూ దాచుకోదగ్గ వస్తువులు కావు. కాబట్టి పునర్ముద్రణ చేసేవాళ్లకు మిగిలింది అచ్చు కోసం తీసిన నలుపు తెలుపు నకళ్లు, అవీ లేని చోట పాత పుస్తకాలు. 1983 నుంచి 1990 దాకా అనదర్ రెయిన్‌బో అనే సంస్థ 30 సంపుటాల్లో బార్క్స్ పనిని తెచ్చినప్పుడు నలుపు తెలుపులో వేసింది. గీతను గీతగా చూడాలనుకునేవారికి నా దృష్టిలో ఇప్పటికీ అదే మంచి దారి.

రంగు ఆయనది కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది బార్క్స్ రంగుల గురించి మురిసిపోతారు. ఆయన నలుపు ఇంకుతో పేజీ ముగించి పంపేవారు. ఏ చొక్కా ఎరుపు, ఏ గోడ పసుపు అన్నది ఇంకెవరో నిర్ణయించేవారు. వాళ్ల పేర్లు బార్క్స్ పేరు కంటే లోతుగా మరుగునపడిపోయాయి. అప్పటి అచ్చు పద్ధతిలో గీతకు నలుపు ఇంకు వాడి, నీలం, గులాబీ, పసుపు అనే మూడు ఇంకులను చిన్న చిన్న చుక్కలుగా ఒకదాని మీద ఒకటి వేసి మిగతా రంగులన్నీ పుట్టించేవారు. చవక న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకునేది, తెల్లటి చోటు కూడా లేత గోధుమ రంగులో ఉండేది. అందువల్ల ముదురు ఎరుపు కూడా మెత్తబడిపోయేది. రంగు ఎంచుకున్నవాళ్లు ఆ కాగితాన్ని దృష్టిలో పెట్టుకునే ఎంచుకున్నారు. అదే ఎరుపును మెరిసే తెల్ల కాగితం మీద వేస్తే కళ్లలో గుచ్చుకుంటుంది, కింద ఉన్న సన్నని గీత కనిపించకుండా పోతుంది.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర పాత సంచికలు కొన్ని ఉన్నాయి. ఓడల్లో వచ్చిన నావికులు చదివి వదిలేసినవి ఆయన దాచారు. వాటిలో ఒకదాన్ని కొత్త సంపుటం పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. పాత పేజీలో ఆకాశం నీలం చుక్కల వల. రంగు ఒక చోట గీత దాటి బాతు ముక్కు అవతలికి జరిగింది. అచ్చు యంత్రంలో పలకలు రవ్వంత కదిలితే అలా అవుతుంది. కొత్తదాంట్లో చుక్కలు లేవు, ఆకాశం ఒకే చదునైన నీలం, రంగు గీత లోపలే ఆగింది. మిత్రుల్లో కొందరు పాతదే ప్రాణమున్నదన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ చుక్కలూ ఆ జారుడూ యంత్రానివి, బార్క్స్‌వి కావు. కొత్త పేజీలో డొనాల్డ్ కనుబొమ్మ మీద రెండు పొట్టి గీతలు స్పష్టంగా కనిపించాయి. పాతదాంట్లో అవి మసకలో కలిసిపోయాయి. ఆ రెండు గీతలే ఆ క్షణంలో డొనాల్డ్ కోపంగా ఉన్నాడా, భయపడుతున్నాడా అన్నది చెప్పేవి.

ఫాంటాగ్రాఫిక్స్ సంపుటాల్లో రంగులు వేసిన రిచ్ టొమాసో పాత సంచికల రంగులనే ఆధారంగా తీసుకున్నారు. ఆయన పేరు పుస్తకంలో ఉంది. నీడలూ మెరుపులూ చేర్చి కంప్యూటర్‌లో గుండ్రంగా ఉబ్బించిన రంగులు వేసే పద్ధతి ఒకటుంది, కొన్ని సంస్థలు పాత కామిక్స్‌ను అలా కొత్తగా చేసి అమ్ముతాయి. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. బార్క్స్ గుండ్రదనాన్ని గీత మందంతోనే తెచ్చారు. దాని మీద మళ్లీ నీడ పూస్తే ఆయన చేసిన పనిని రెండోసారి చెరిపేసినట్టు.

పునర్ముద్రణ మేలు చేసిన చోటు కూడా చెప్పాలి. 1953లో వచ్చిన 'బ్యాక్ టు ద క్లాండైక్' కథలో సారా దుకాణంలో కొట్లాట, స్క్రూజ్ యవ్వనంలో గోల్డీ అనే ఆమెను బలవంతంగా తన గని దగ్గరికి ఎత్తుకెళ్లడం ఉన్న పేజీలను సంపాదకులు తీసేశారు, పిల్లల పుస్తకానికి తగవని. బార్క్స్ ఆ పేజీలు పారేయకుండా దాచుకున్నారు. 1980ల నుంచి వచ్చిన ముద్రణల్లో అవి తిరిగి కథలో చేరాయి. అవి లేనప్పుడు ఆ కథ ఒక ముసలివాడి బంగారు వేట. అవి చేరాక, జీవితమంతా ఒక్క ప్రేమను ఒప్పుకోలేకపోయిన మనిషి కథ. మొదటి ముద్రణే అసలైనదనే నమ్మకం ఇలాంటి చోట నిలవదు.

బార్క్స్ ఎందుకు గొప్పవారో ఒక్క కథతో చెప్పమంటే 1949లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ది ఆండీస్' చేతికిస్తాను. ఫాంటాగ్రాఫిక్స్ వాళ్లు కూడా తమ వరసను మొదటి సంపుటంతో కాకుండా, ఈ కథ ఉన్న ఏడో సంపుటంతో మొదలుపెట్టారు. డొనాల్డ్ ఒక మ్యూజియంలో కింది స్థాయి ఊడ్పుగాడు. చతురస్రాకారపు రాళ్లు తుడుస్తుంటే ఒకటి కింద పడి పగులుతుంది. అది రాయి కాదు, గుడ్డు. ఇలా నలుచదరపు గుడ్లు పెట్టే కోళ్లు ఎక్కడో ఉన్నాయని పెద్ద పెద్ద పండితులంతా ఓడెక్కుతారు. పై అధికారి కింది అధికారికి, అతను ఇంకా కిందివాడికి పని అప్పజెబుతూ పోతే, ఆ వరస చివర డొనాల్డ్, అతని వెనక ముగ్గురు మేనల్లుళ్లు. పాత గుడ్లతో చేసిన ఆమ్లెట్ తిని పెద్దలంతా మంచం పట్టాక కొండలెక్కే పని వీళ్ల మీదే పడుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన ఏ తెలుగువాడికైనా ఆ రెండు పేజీలు విడమరిచి చెప్పక్కర్లేదు.

పొగమంచు దాటి వాళ్లు చేరే లోయలో అన్నీ నలుచదరపు పలకలే. ఇళ్లు పలకలు, మనుషులు పలకలు, కోళ్లు పలకలు. గుండ్రటిది ఏది చేసినా నేరం. ఇప్పుడు బొమ్మ చూడండి. డొనాల్డ్ తల గుండ్రం, పొట్ట గుండ్రం, కళ్లు గుండ్రం. పిల్లలు మూడు చిన్న గుండ్రాలు. నిలువు గీతలు, అడ్డ గీతలతో కట్టిన ఊళ్లో ఈ నాలుగు గుండ్రాలు నడుస్తుంటే, శిక్ష సంగతి మాటల్లో రాకముందే వీళ్లకు ఇక్కడ ప్రమాదమని కన్ను చెప్పేస్తుంది. బబుల్‌గమ్ బుడగ ఊది పిల్లలు దొరికిపోతారు. బుడగ గుండ్రంగా కాక ఇంకెలా వస్తుంది? కథను చట్టంగా, చట్టాన్ని ఆకారంగా, ఆకారాన్ని గీతగా మార్చడం అంటే ఇదే. కథ రాసేవాడు ఒకరు, బొమ్మ గీసేవాడు ఒకరు అయితే ఇంత దగ్గరగా కుట్టడం అరుదు. చివరికి ఎంతో కష్టపడి తెచ్చిన రెండు కోళ్లూ పుంజులే. ఒకప్పుడు కోళ్ల ఫారం కలగన్న మనిషే ఈ ముగింపు రాయగలరు.

వరసగా చదువుతుంటే ఇంకో విషయం తెలుస్తుంది. 1943 నాటి పది పేజీల కథల్లో బాతులు కదిలే బొమ్మల స్టూడియో వాసన వదలలేదు, మెడలు పొడుగు, గెంతులు ఎక్కువ. 1940ల చివరికి గడుల ఆకారాలు పగులుతాయి, వెనక దృశ్యం కథలో పాత్రవుతుంది. పూర్తి నల్లటి నీడ బొమ్మల వాడకం పెరుగుతుంది. 1952లో స్క్రూజ్ పేరుతోనే సొంత పత్రిక మొదలైనప్పటికి ఆ చెయ్యి తొణకదు. మొదట 1947లో ఒక క్రిస్మస్ కథకు అవసరమై వచ్చి పోవాల్సిన కోపిష్టి ముసలివాడు అయిదేళ్లలో నాయకుడయ్యాడు. పేరు లేని రోజుల్లో ఈ కథలు పదిమంది గీసిన కథల మధ్య చెల్లాచెదురుగా ఉండేవి. పేరుతో ఒక చోటికి చేర్చాక ఒక మనిషి ఎదుగుదల కనిపిస్తుంది. పేరు చేసే అసలు మేలు ఇదేనంటాను.

లోపాలూ అలాగే ఒక చోటికి చేరతాయి. ఆయన దేశదేశాల దృశ్యాలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక చూసి గీశారు. కట్టడాలు, కొండలు అబ్బురంగా ఉంటాయి, మనుషులు మాత్రం తరచుగా ఆనాటి అమెరికా ఊహించుకున్న మనుషులే. 1952 నాటి ఒక కథలో మన వైపు నుంచి కూడా ఒకాయన వెళ్లాడు. హౌడుయుస్తాన్ అనే కల్పిత దేశపు మహారాజు. నగర స్థాపకుడి విగ్రహం ఎవరు పెద్దది కట్టిస్తారని స్క్రూజ్‌తో పోటీపడి దివాలా తీస్తాడు. తలపాగా, నగలు, డాంబికం అన్నీ అరువు ఊహలే. డబ్బున్నవాడి అహంకారం మీద ఆ కథ వేసే దెబ్బ మాత్రం ఇద్దరికీ సమానంగా తగులుతుంది. ఆఫ్రికా మనుషులను గీసిన తీరు ఇంతకంటే చాలా ఇబ్బందిపెడుతుంది. కొన్ని ముద్రణల్లో ఆ ముఖాలను దిద్ది వేశారు. దిద్దకుండా, ముందు ఒక వివరణ రాసి వేయడమే సరైనదని నేననుకుంటాను. దిద్దితే ఆ గీత మళ్లీ ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఇదంతా దూరపు సంగతి అనుకోనక్కర్లేదు. మన చందమామలో ఇదే కథ తిరగేసి నడిచింది. అక్కడ బొమ్మకు సంతకం ఉండేది. లోపలి పేజీల్లో చిత్రా, శంకర్. అట్టల మీద వ.పా., అంటే శ్రీకాకుళంలో పుట్టి, విశాఖకు దగ్గర్లోని కశింకోటలో ఏళ్ల తరబడి ఉన్న వడ్డాది పాపయ్య. బొమ్మ మూలన ఆ పొట్టి సంతకం చూసి మన పెద్దలు గుర్తుపట్టేవారు. కనిపించకుండా పోయింది రాసినవాళ్లు. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియళ్ల కోసం నెలంతా ఎదురుచూసిన పిల్లలకు వాటిని రాసినది దాసరి సుబ్రహ్మణ్యం అని తెలియదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక తెలుగును చెక్కిన కొడవటిగంటి కుటుంబరావు పేరూ సంపాదకుడిగా అచ్చు కాలేదు. దాసరి సీరియళ్లు తర్వాత ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. అవి చదివిన వాళ్లకు బార్క్స్ పాఠకులకు కలిగిన అనుభవమే కలిగింది. విడివిడిగా గుర్తున్న కోటలు, లోయలు, మాంత్రికులు ఒకే ఊహ నుంచి పుట్టినవని అప్పుడు తెలిసింది.

చట్టం విషయంలో మన దగ్గర ఒక మంచి ఆధారం ఉంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. కానీ 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. హక్కులు పూర్తిగా రాసిచ్చేసినా, ఈ పని నాదని చెప్పుకునే హక్కు కర్త దగ్గరే ఉంటుంది. సొమ్ము ఎవరిదన్నది ఒక ప్రశ్న, చెయ్యి ఎవరిదన్నది ఇంకో ప్రశ్న అని మన చట్టం ఒప్పుకుంది. అమెరికాలో 1990లో చేసిన ఇలాంటి చట్టం విడి చిత్రాలకు, శిల్పాలకు పరిమితమై, పుస్తకాలను, పత్రికలను, జీతానికో కూలికో చేయించుకున్న పనిని బయటే వదిలేసింది. బార్క్స్ పేరు చట్టం వల్ల రాలేదు, పాఠకులు వెతికి తెచ్చారు.

తెలుగులో పాత బొమ్మల కథలు, సీరియళ్లు మళ్లీ అచ్చు వేస్తున్న ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే. వివరాల పేజీలో ఇంకో నాలుగు వరుసలకు చోటివ్వండి. కథ ఎవరిది, బొమ్మ ఎవరిది, బొమ్మలు ఏ సంచిక నుంచి తీసుకున్నారు, రంగు పాతదా కొత్తదా, కొత్తదైతే ఎవరు వేశారు. తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టండి, ఏ పాఠకుడో దాన్ని చూసి జవాబు పంపుతాడు. మా సైన్‌బోర్డుల మిత్రుడు ఇప్పుడు పెద్దాయన దాచిన పాత సంచికలన్నీ ముందేసుకుని, ఏ కథలో అక్షరాల చెయ్యి మారిందో తేదీల వారీగా ఒక నోటు పుస్తకంలో రాస్తున్నారు. 1954కు ముందువి ఒక పక్క, తర్వాతవి ఒక పక్క.